బిడ్డను కట్టుకోని తిరుగుడు: అందరు నన్ను అడిగే ప్రశ్నలు

మాది హన్మకొండ. ఇద్దరు పిల్లలు, పెద్దదానికి ఐదేండ్లు, చిన్నోనికి పది నెలలు. చిన్నోన్ని ఛాతీకి కట్టుకోని కూరగాయలకు పోయినా, భద్రకాళి బండ్ మీద నడిచినా, ఆఖరికి లిఫ్టుల నిలబడ్డా ఎవరో ఒకరు ఆపి అడుగుతరు. ఊపిరి ఆడుతుందా, కాళ్లు వంకర పోవా, ఎంతకు కొన్నవ్. అవే ప్రశ్నలు మళ్ల మళ్ల వస్తున్నయ్ కాబట్టి ఒక్కసారి కూసోని రాసి పెడ్తున్న. నేను డాక్టర్ని కాదు, చదివింది కొంత, ఇద్దరితోని పడ్డది కొంత. మీ బిడ్డకు ఏదైనా ప్రాబ్లం ఉంటె మాత్రం పిల్లల డాక్టర్ని అడగకుండ మొదలుపెట్టకుండ్రి.

గిదేంది అసలు, కొత్త ఫ్యాషనా?

కొత్తదేం లేదు. ఇప్పుడు బేబీవేరింగ్ అంటున్నరు, షాపులల్ల కంగారూ బ్యాగ్ అంటె టక్కున తీసిస్తరు. బిడ్డను గుడ్డతోనో (ర్యాప్, స్లింగ్ అంటరు) బెల్టుల బ్యాగుతోనో (క్యారియర్ అంటరు) మన ఒంటికి కట్టుకునుడు, అంతే. మా అమ్మమ్మది నర్సంపేట దిక్కు, పత్తి ఏరనీకి పోయేటప్పుడు మా అమ్మను చీర కొంగుల వేసి కట్టుకోని పోయేదట, చేన్ల చెట్టు దొరికితె అదే చీరతోని తొట్టెల కట్టేదట. సంకల పిల్లను పెట్టుకోని ఊరంత ఎతికినట్టు అని సామెత ఊకెనే రాలేదు గదా, మన దగ్గర పిల్లలు పెరిగిందే సంకల. తేడా ఏందంటే సంకల ఎత్తుకుంటె ఒక చెయ్యి పాయె, నడుం ఒక దిక్కు వంగె. కట్టుకుంటె రెండు చేతులు మన చేతులే.

బిడ్డకు నిజంగ ఏం లాభం?

ఏడుపు తగ్గుతది. ఇది నా మాట కాదు, కెనడాల మాంట్రియల్ల 99 మంది తల్లీపిల్లల మీద చేసిన స్టడీ 1986ల వచ్చింది, అండ్ల కొంతమందికి రోజుకు కనీసం మూడు గంటలు ఎత్తుకోండ్రి, ఏడ్చినప్పుడే కాదు మంచిగున్నప్పుడు గూడ ఎత్తుకోండ్రి అని చెప్పిండ్రు. ఆరు వారాలు వచ్చేసరికి ఆ పిల్లలు మిగతా పిల్లల కంటె 43 శాతం తక్కువ ఏడ్చిండ్రు, సాయంత్రం పూట అయితె 51 శాతం తక్కువ. సాయంత్రం అంటె తెల్సు గదా, దీపం పెట్టే యాళ్లకు మొదలుపెట్టి ఇంటిల్లిపాదికి చుక్కలు చూపిస్తరు, మనం దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పుతం. నేను గూడ తిప్పిన, తిప్పి ఆ తర్వాత కట్టుకున్న, ఏది పని చేసిందో అత్తమ్మతోని వాదన పెట్టుకోలే.

గని ఒకటి చెప్పాలె. అప్పటికే కోలిక్ (కారణం తెల్వకుండ ఊకె ఏడ్చుడు) ముదిరి గంటలు గంటలు ఏడ్చే పిల్లలకు ఎక్కువ ఎత్తుకుంటె తగ్గుతదా అని తర్వాత 1991ల చూస్తె పెద్ద తేడా రాలేదు. కాబట్టి దీన్ని మందులెక్క అనుకోవద్దు, కట్టుకున్నా ఏడుస్తున్నడంటె మీ తప్పు కాదు.

ఇంకోటి జపాన్ వాళ్లది, 2013ల వచ్చింది. తల్లి ఎత్తుకోని నడుస్తుంటె బిడ్డ గుండె కొట్టుకునుడు నెమ్మదైతది, ఏడుపు ఆగుతది, అదే తల్లి ఎత్తుకోని ఊకె కూసుంటె అంతగ కాదు. మన ఇండ్లల్ల ముసలోళ్లు పిల్లను భుజాన ఏసుకోని వాకిట్ల అటు ఇటు తిరిగేది ఇందుకే. 2022ల వాళ్లే లెక్క గూడ చెప్పిండ్రు: ఏడ్చే బిడ్డను ఎత్తుకోని ఐదు నిమిషాలు ఆగకుండ నడవాలె, నిద్ర పట్టినంక వెంటనే పండవెట్టకుండ ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు అట్లనే ఎత్తుకోని కూసోని, అప్పుడు మెల్లగ దించాలె. నేను ఇన్ని రోజులు కండ్లు మూసుకోంగనే దించేదాన్ని, దించంగనే లేచేది మా పెద్దది. ఈ ఐదు నిమిషాల ముచ్చట ముందే తెల్సి ఉంటె నా జుట్టు సగం మిగిలేది.

ఇంక చిన్న చిన్నవి: పాలు తాగినంక నిటారుగ ఉంటడు కాబట్టి కక్కుడు జర తగ్గొచ్చు, ఎప్పుడు ఎల్లకిలనే పండకపోతె తల ఎనక చపాతీలెక్క కాదు. అట్లని బోర్ల పండవెట్టి ఆడిపిచ్చుడు మానొద్దు, అది వేరె ఎక్సర్‌సైజు.

ఎప్పుడు ఎత్తుకుంటె ఎత్తుడు అలవాటైతది గదా?

ఈ ప్రశ్నకు ఒక్కో రూపాయి ఇచ్చినా నాకు ఇంకో క్యారియర్ వచ్చేది. మూడు నెలల పిల్లకు మనల్ని సతాయించాలె అనే తెలివి ఉండదు. తొమ్మిది నెలలు కడుపుల ఊగుకుంట ఉన్న పిల్ల, బయటికొచ్చినంక నిశ్శబ్దంగ, కదలకుండ, ఒక్కదే పండుకోవాలంటె ఎట్ల పండుకుంటది? 1990ల న్యూయార్క్‌ల పేదింటి తల్లుల మీద ఒక స్టడీ వచ్చింది, కొంతమందికి మెత్తటి బేబీ క్యారియర్ ఇచ్చిండ్రు, కొంతమందికి ప్లాస్టిక్ సీటు. 13 నెలలకు చూస్తె క్యారియర్ ఇచ్చిన పిల్లలల్ల 83 శాతం మంది తల్లితోని గట్టి భరోసాతోని ఉన్నరు, సీటు పిల్లలల్ల 38 శాతమే. మొత్తం 49 మందే, చిన్న స్టడీ, అయినా తేడా చూడుండ్రి. మా పెద్దది రెండేండ్ల దాకా నా మీదనే ఉన్నది, ఇప్పుడు స్కూల్ గేటు కాడ టాటా గూడ చెప్పకుండ ఉరుకుతది.

తల్లికేం వస్తది దీంతోని?

చేతులు వస్తయి. ఇది చిన్న ముచ్చటలెక్క కనవడ్తది గని, రెండోసారి బాలింత అయినోళ్లను అడుగుండ్రి. చిన్నోడు ఛాతీ మీద పండుకుంటడు, నేను పెద్దదానికి జడేస్త, బట్టలు మడతవెడ్త, ఫోన్ల కరెంటు బిల్లు కడ్త, రెండు చేతులతోని కూసోని బువ్వ తింట. మా పెద్దదానప్పుడు మోజుపడి స్ట్రోలర్ (పిల్లల తోపుడు బండి) కొన్నం, మా గల్లీ రోడ్డు మీద పది అడుగులు పోలే, ఇప్పుడు అది బాల్కనీల ఉల్లిగడ్డలు మోస్తుంది. కాజీపేట స్టేషన్ల ప్లాట్‌ఫాం మారాలంటె మెట్ల మీద ఒక చేత బ్యాగు, ఒక చేత పెద్దపిల్ల, మరి చిన్నోడు ఎవరి దగ్గర? బయటికి పోగలుగుడే పెద్ద లాభం అంట నేను. మూడు నెలలు నాలుగు గోడల మధ్యల కూసుంటె మనసు ఎట్ల అయితదో బాలింతలకు తెల్సు, పొద్దుమీకి అరగంట బండ్ మీద నడిచొస్తె మనిషిలెక్క అనిపిస్తది. అట్లని దిగులు ఎక్కువై ఏడుపొస్తుంటె, నిద్ర పడ్తలేదంటె నడకతోనే సరిపెట్టుకోవద్దు, డాక్టర్ దగ్గరికి పోవాలె.

మగోళ్లు గూడ కట్టుకోవచ్చా?

కట్టుకోవాలె. మా ఆయన మొదట సిగ్గుపడ్డడు, కాలనీల నవ్వుతరని. పాలు ఇయ్యలేడు గని నిద్రపుచ్చగలడు అని తెల్సినంక ఇప్పుడు ఆదివారం పొద్దుగాల ఆయనదే డ్యూటీ, నాది నిద్ర. తాత గూడ కట్టుకోవచ్చు, మోకాళ్లు, నడుం మంచిగుంటె.

నెలలు నిండకుండ పుట్టిన బిడ్డకు?

ఇక్కడ ఒక తమాష ఉంది. వరంగల్ల కేఎంసీ అంటె అందరికి కాకతీయ మెడికల్ కాలేజే. మా ఆడబిడ్డకు ఎనిమిదో నెలల కాన్పు అయితె నర్సు వచ్చి బిడ్డకు కేఎంసీ చెయ్యాలె అనంగనే మా మామయ్య ఇప్పుడు కాలేజీకి ఎందుకు తీస్కపోవాలె అన్నడు. ఆ కేఎంసీ అంటె కంగారూ మదర్ కేర్. బిడ్డకు డైపరు, టోపీ మాత్రం ఉంచి తల్లి ఛాతీ మీద ఒంటికి ఒళ్లు తగిలేటట్టు పెట్టి గుడ్డతోని కట్టుడు. 1970ల ఆఖర్ల కొలంబియాల బొగోటాల ఇంక్యుబేటర్లు (పిల్లలను వెచ్చగ ఉంచే మిషన్లు) సరిపోక ఎద్గర్ రే అనే డాక్టరు మొదలుపెట్టిండు, మిషన్ లేక చేసిన పని మిషన్ కంటె మంచిగ పనిచేసింది. 2021ల వచ్చిన పెద్ద స్టడీల ఐదు దేశాల ఆసుపత్రులు ఉన్నయ్, అండ్ల ఢిల్లీ సఫ్దర్‌జంగ్ గూడ ఒకటి. 1.8 కిలోల లోపు పిల్లలు 3211 మంది. పుట్టంగనే కంగారూ కేర్ మొదలుపెట్టినోళ్లల్ల 28 రోజుల లోపు చనిపోయింది 12 శాతం, స్థిరపడేదాక ఆగి మొదలుపెట్టినోళ్లల్ల 15.7 శాతం. 2022ల ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) గూడ నెలలు తక్కువ, బరువు తక్కువ పిల్లలందరికి రోజుకు 8 నుంచి 24 గంటలు ఇదే చెయ్యాలె అని చెప్పింది.

గని ఇది ఆసుపత్రోళ్లు దగ్గరుండి నేర్పేది, షాపుల కొన్న కంగారూ బ్యాగు వేరె. పేరు ఒకటే ఉందని కిలోన్నర బిడ్డను అండ్ల ఏసుకోవద్దు, చాన బ్యాగులకు కనీసం మూడుంబావు మూడున్నర కిలోలు ఉండాలె, డబ్బా మీద రాసి ఉంటది.

మెడ నిలబడకముందే నిలువుగ కట్టుకోవచ్చా? మా అత్తమ్మ వద్దంటుంది

మెడ నిలబడలేదంటె మెడకు సపోర్ట్ ఉన్నదాంట్లనే కట్టుకోవాలె అని అర్థం. మెత్తటి ర్యాప్‌ల, చిన్నపిల్లలకు పనికొచ్చే క్యారియర్ల గుడ్డ మెడ దాకా వస్తది, బిగుతుగ ఉంటె తల ఊగదు. ఒదులుగ ఉంటెనే డేంజర్. వీపు మీద మాత్రం మెడ గట్టిపడి, మంచిగ కూసునే దాకా వద్దు, కండ్ల ముందర ఉండడు గదా.

ఊపిరి ఆడకపోతె? ఇదే నా భయం

ఈ భయం మంచిదే, దీన్ని దాచుకోండ్రి. 2010ల అమెరికాల వస్తువుల సేఫ్టీ చూసే సర్కారు సంస్థ హెచ్చరిక ఇచ్చింది, అంతకుముందు 20 ఏండ్లల్ల స్లింగులల్ల కనీసం 14 మంది పిల్లలు చనిపోయిండ్రని, అండ్ల 12 మంది నాలుగు నెలల లోపు వాళ్లని. ఎట్ల అయితదంటె, సంచిలెక్క వేలాడే స్లింగుల బిడ్డ గుండ్రంగ ముడుచుకుంటది, గడ్డం పోయి ఛాతీకి తగుల్తది, చిన్న పిల్లల గాలి గొట్టం సన్నగ మెత్తగ ఉంటది, గడ్డం వంగితె మూసుకపోతది. లేదంటె ముక్కు నోరు మన ఒంటికో గుడ్డకో అతుక్కుంటది. బిడ్డ ఏడ్వదు గూడ, సప్పుడు లేకుండ అయితది. అందుకే భయం.

నాకు గూడ ఒకసారి అయ్యింది. చిన్నోనికి నెల దాటింది, ర్యాప్ జర ఒదులుగ కట్టిన, తొందరల. వంటింట్ల గిన్నెలు సదురుతున్న, గుర్ గుర్ అని సన్నగ గురకలెక్క వినవడ్డది, కింద చూస్తె గడ్డం ఛాతీల దిగిపోయి ఉన్నది. తీసి మళ్ల కట్టేదాక నా కాళ్లు వణికినయ్. అప్పటి నుంచి ఐదు నిమిషాలకోసారి కింద చూసుడు నాకు చేతుల గడియారం చూసినట్టు అయ్యింది.

కట్టుకున్నంక ఇవి చూడుండ్రి. తల వంచంగనే బిడ్డ నెత్తి మీద ముద్దువెట్టేటంత ఎత్తుల ఉండాలె, బొడ్డు కాడ వేలాడొద్దు. మొఖం మీద గుడ్డ ఉండొద్దు, ముక్కు నోరు కనవడాలె. గడ్డం కింద మన రెండు వేళ్లు పట్టేంత సందు ఉండాలె. బిడ్డ కడుపు, ఛాతీ మన ఒంటికి ఆనుకోని ఉండాలె, వీపు మీద చెయ్యి పెట్టి ఒత్తితె ముడుచుకుపోవద్దు. జలుబు చేసి ముక్కు మూసుకున్న రోజు నేనైతె కట్టనే కట్ట.

దొడ్డికాళ్లు అయితయంట గదా?

కావు. చిన్నపిల్లల కాళ్లు మొదట రెండేండ్లు జర వంకరగనే ఉంటయి, ఎత్తుకున్నా ఎత్తుకోకున్నా. మన పాత సంక కూర్చోపెట్టుడే చూడుండ్రి, పిల్ల కాళ్లు రెండు దిక్కుల ఎడంగ, కప్పలెక్క, మోకాళ్లు పిర్రల కంటె జర ఎత్తున. తుంటి కీళ్లకు డాక్టర్లు మంచిదనేది ఈ పొజిషన్నే. తొడ కింద మోకాలి దాకా గుడ్డ ఉండాలె. మేము మొదట ఆన్‌లైన్ల కొన్న బ్యాగు సన్నగ లంగోటిలెక్క ఉండె, కాళ్లు కిందికి వేలాడ్తుండె, తీసి పడేసి ఇంకోటి కొన్నం. నిజానికి తుంటికి కాళ్లు సాపి బిగ్గ చుట్టి పండవెట్టుడే మంచిది కాదు, దాన్ని ఎవరు అడగరు. తుంటి జారిందని డాక్టర్ చెప్పి ఉంటె మాత్రం ఆయన్ని అడిగే కట్టుకోండ్రి.

ఏది కొనాలె?

బ్రాండ్ పేరు చెప్పను, ఒక్కొక్కల ఒళ్లు ఒక్కో తీరు. మొదటి రెండు మూడు నెలలకు సాగే గుడ్డ ర్యాప్ మెత్తగ ఉంటది, గని చుట్టుడు నేర్చుకోవాలె, మన ఎండకు రెండు మూడు పొరలు ఉడుకు. రింగ్ స్లింగ్ ఒక భుజం మీద, చిటికెల కట్టొచ్చు, పాలు ఇయ్యడానికి సులువు, బరువు పెరిగినంక ఆ భుజం గుంజుతది. బెల్టులు బకిల్స్ ఉన్న క్యారియర్ మగోళ్లకు గూడ ఈజీ, నడుం మీద బరువు పడ్తది, ఎక్కువ దూరం నడిచేటోళ్లకు అదే. పైసలు ఎక్కువ పెట్టుడు కాదు, కట్టుకున్నంక పైన చెప్పినయ్ అన్ని సరిగ్గ ఉన్నయా అన్నదే లెక్క. సెకండ్ హ్యాండ్ అయితె కుట్లు, బకిల్ గుంజి గుంజి చూడుండ్రి.

పాత కాటన్ చీరతోని కట్టొచ్చా?

కట్టొచ్చు. ఐదున్నర మీటర్ల చీర పెద్ద ర్యాప్ కంటె పొడుగే. నేసిన కాటన్ ఉండాలె, మా దిక్కు కొత్తవాడ మగ్గం గుడ్డలాంటిది. జార్జెట్, షిఫాన్, సిల్కు జారుతయి, ముడి నిలవదు. జరీ అంచు బిడ్డకు గీరుకుంటది. మరీ ఉతికి ఉతికి పలచబడ్డ చీర అయితె ఎలుగుకు పట్టి చూడుండ్రి, దారం దారం కనవడ్తె వద్దు. రింగు స్లింగు ఇంట్ల కుట్టుకుందాం అనుకునేటోళ్లు బట్టల కొట్టుల దొరికే డెకరేషన్ రింగులు వాడొద్దు, అతుకు విడిపోతది. బరువుకు టెస్ట్ చేసిన రింగులు వేరే వస్తయి.

ఏప్రిల్, మే నెలల?

మన దగ్గర 44, 45 డిగ్రీలు. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదు దాకా బయట వద్దు, ఇంక వాదన లేదు. ఇంట్ల కట్టుకునేటప్పుడు బిడ్డకు పలచటి జుబ్బ ఒక్కటి చాలు, క్యారియరే ఒక బట్ట కింద లెక్క. మెడ ఎనక చెయ్యి పెట్టి చూడుండ్రి, చెమటతోని కాల్తుంటె విప్పుండ్రి. మీరు నీళ్లు తాగుండ్రి, పాలిచ్చేటోళ్లు మరీ.

బండి మీద కట్టుకోని పోవచ్చా?

వద్దు. స్కూటీ మీద ఎనక కూసోని ఛాతీకి బిడ్డను కట్టుకునేటోళ్లను రోజు చూస్తున్న, చూసినప్పుడల్ల నా పానం పోతది. క్యారియర్ నడకకు చేసింది, యాక్సిడెంట్‌కు కాదు, పడితె మన బరువంత బిడ్డ మీదనే. 2022 ఫిబ్రవరిల కేంద్రం తెచ్చిన రూలు చూస్తె, 4 ఏండ్ల లోపు పిల్లలకు సేఫ్టీ హార్నెస్ (బిడ్డను బండి నడిపేటోళ్లకు కట్టే బెల్టు), 9 నెలల నుంచి 4 ఏండ్ల పిల్లలకు హెల్మెట్ ఉండాలె, బండి 40 స్పీడు దాటొద్దు. ఆ హార్నెస్ వేరె, ఈ బ్యాగు వేరె. కారుల గూడ అంతే, కారు సీటుకు బదులు ఇది కాదు.

కట్టుకోని వంట?

పొయ్యి కాడికి వద్దు. తాలింపు చిట్లుతది, బిడ్డ చెయ్యి సాపుతడు. ఉడుకు చాయ్ గూడ తాగకుండ్రి. కూరగాయలు కడుగుడు, బియ్యం ఏరుడు వరకు ఓకే, కత్తి మాత్రం పక్కకు.

సిజేరియన్ అయ్యింది, ఎప్పటి నుంచి?

డాక్టర్ బరువులు ఎత్తొచ్చు అన్నంకనే. మొదట్ల నడుం బెల్టు కుట్ల మీద ఒత్తుతది, అందుకే నేను ర్యాప్ పైకి, రొమ్ముల కింద దాకా కట్టిన. పది నిమిషాలతోని మొదలు.

కట్టుకునే పాలు ఇయ్యచ్చా?

ఇయ్యచ్చు, జర కిందికి దించుకోని. తాగినంక మళ్ల పైకి ఎత్తి నిటారుగ చెయ్యాలె, అట్లనే వదిలేసి పనిల పడొద్దు. కొత్తల అయితె కూసోనే ఇయ్యుండ్రి.

మొఖం బయటికి తిప్పి?

ఐదారు నెలలు దాటి, తల గట్టిగ నిలిపి, క్యారియర్ దానికి పనికొస్తె, అరగంట దాకా. నిద్రొస్తె లోపలికి తిప్పాలె, లేదంటె తల ముందుకు పడ్తది. జాతరలెక్క జనం ఉన్న కాడ తిప్పనే వద్దు. మా తోటికోడలు మేడారంకు ఆర్నెల్ల పిల్లను తీస్కపోయింది, జంపన్న వాగు కాడ ఆ దుమ్ము, ఆ జనం, ఆ డప్పులు, పిల్ల లోపలికి మొఖం పెట్టుకోని పండుకుంది. బెల్లం ఇచ్చేటప్పుడు చేతులు రెండు ఖాళీగ ఉన్నయని ఆమెకు మస్తు సంబురం. తోపులాట ఉన్న కాడికి మాత్రం పోలే, మంచి పని చేసింది.

నాకు నడుం నొప్పొస్తుంది

చాన వరకు బిడ్డ కిందికి, ఒదులుగ ఉండుడే కారణం. బెల్టు తుంటి ఎముక మీద కూసోవాలె, బిడ్డ పైకి రావాలె. అయినా తగ్గకపోతె టైం తగ్గియ్యుండ్రి, బలవంతం లేదు.

కట్టంగనే ఏడుస్తడు, మాకు పడ్తలేదు

ఆకలి మీద, నిద్ర మీద మొదటిసారి ట్రై చెయ్యకుండ్రి. కడుపు నిండి, డైపర్ మార్చినంక కట్టి వెంటనే నడువుండ్రి, నిలబడితె ఏడుస్తరు. కొందరు పిల్లలకు నిజంగనే నచ్చదు. ముందుగాల మీరు మూడు కిలోల బియ్యం సంచితోని అద్దం ముందర నాలుగు రోజులు ప్రాక్టీస్ చెయ్యుండ్రి, మంచం పక్కన నిలబడి. మా ఇంట్ల ఆ సంచికి మా పెద్దది పేరు గూడ పెట్టింది.